పట్టపగటి పిశాచము

నోస్ఫెరాటు చిత్రమును నేను మొదట చూచినప్పుడు సభలో నున్నవా రందఱును నవ్విరి. వారితోపాటు నేనును నవ్వితిని. కళాశాల చదువునాటి మాట. ఒక ఫిలిం సొసైటీవారు ఎక్కడినుండియో 16 మిల్లీమీటర్ల ప్రింటు నొకదానిని తెప్పించి, గోడకు దుప్పటి వంటి తెఱను కట్టి, ప్రొజెక్టరు గరగర తప్ప మఱి యే సంగీతమును లేకుండ దానిని ప్రదర్శించిరి. పిశాచప్రభువైన ఓర్లాక్ ఓడ దిగి, తన శవపేటికను తానే చంకను పెట్టుకొని, ఆలస్యమైన గుమాస్తా కచేరికి పరుగెత్తినట్లు, ఎండ కాయుచున్న వీధులవెంట గబగబ నడచిపోవుచుండగా, నా ప్రక్కనున్న మిత్రుడు "పట్టపగలు దెయ్యమేమిటిరా, పైగా సామాను మోసుకొని!" అనెను. ఆ పరిహాసమునకు సమాధానము నాకప్పుడు తెలియదు. తెలిసిన పిదప, నవ్వినందుకు నేటికిని సిగ్గుపడుచున్నాను. నవ్వించినవారిపై కోపము మాత్ర మింకను చల్లాఱలేదు.

పుట్టుపూర్వోత్తరములను గూర్చి రెండు మాటలు చాలును. బ్రామ్ స్టోకర్ అను ఐరిష్ రచయిత 1897లో ప్రకటించిన డ్రాక్యులా నవలను, హక్కుదారుల యనుమతి లేకయే, పాత్రల పేర్లు మార్చి, లండను నగరమును తొలగించి యొక జర్మను రేవుపట్టణమును దాని స్థానమున నిలిపి, హెన్రిక్ గాలేన్ చిత్రకథగా వ్రాసెను. ఎఫ్. డబ్ల్యూ. మూర్నావ్ దర్శకత్వమున 1921లో చిత్రీకరణము జరిగినది; 1922 మార్చి 4వ తేదీన బెర్లిన్ జంతుప్రదర్శనశాలలోని పాలరాతి మందిరమున తొలి ప్రదర్శనము. నిర్మించిన సంస్థ పేరు ప్రాణా ఫిల్మ్. అది మన ప్రాణశబ్దమే. ఆ సంస్థ ఒక్క చిత్రముతోనే ప్రాణము విడిచినది. దాని స్థాపకులలో నొకడైన ఆల్బిన్ గ్రావు అను చిత్రకారునకు మంత్రతంత్రములపై మక్కువ మెండు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సెర్బియాలో నొక రైతు, తన తండ్రి చచ్చియు చావక తిరిగెనని చెప్పగా విని, ఆ భయమునే చిత్రముగ మలచవలెనని ఆయన సంకల్పించెనట. నిజమో, ప్రచారమునకై అల్లినదో గాని, వినుటకు బాగున్నది.

తెఱపై భయమును పుట్టించుటకు ఆ కాలపు జర్మనులకు ఒక రాజమార్గ ముండెను. 1920లో వచ్చిన డాక్టర్ కాలిగరి చిత్రమున గోడలు వంకరలు, కిటికీలు త్రికోణములు. నీడలు సైతము సెట్టుపై రంగుతో పూసినవి. దానిని మెచ్చుకొనువారు నేటికిని కోకొల్లలు, మెచ్చుకొననిండు. నా మట్టుకు నాకు, పూసిన నీడ నీడయే కాదు. మూర్నావ్ స్టూడియో తలుపు తెఱచుకొని బయటికి వచ్చినాడు. విస్మార్ పట్టణపు అంగడివీధి, ల్యూబెక్ లోని పాత ఉప్పుకొట్లు, స్లొవాకియాలో కొండకొమ్మున నిలిచిన ఓరావా కోట, సముద్రపు కెరటములు, ఇవన్నియు నిజమైన రాయి, నిజమైన నీరు, నిజమైన గాలి. ఆ ఉప్పుకొట్ల బోలు కిటికీల వెనుకనుండియే ఓర్లాక్ ఎదురింటి ఇల్లాలైన ఎల్లెన్ వంక రాత్రులెల్ల కన్నార్పక చూచుచుండును. కాలిగరిలోవలె పిచ్చివాని లోకము పిచ్చిగా నుండుటలో వింత యేమున్నది? ఇచ్చట చావు మనము ఉప్పునకు పప్పునకు నడచునట్టి వీధిలోనికే వచ్చును. తలుపులమీద సుద్దముక్కతో శిలువ గుర్తు పెట్టుచు నొకడు పోవుచుండును. ఇఱుకు వీధిలో నల్లకోటులు తొడిగినవారు శవపేటికల వరుసను మోసికొని నడుచుచుందురు. కిటికీలోనుండి ఎల్లెన్ చూచుచుండును. అంతియే. ఒక కేక లేదు, ఒక రక్తపుబొట్టు లేదు. ఐనను వెన్ను చల్లబడును.

ఓర్లాక్ కోటకు పోవు దారిలోని సత్రము వెలుపల రాత్రి తిరుగు తోడేలు-మనిషిగా చూపినది మాత్రము తోడేలు కాదు, చారల దుమ్ములగొండి. మన కొండగట్ల పల్లెలలో పుట్టి పెరిగినవా డెవడైనను దానిని చూచినంతనే గుర్తుపట్టును. ఎంత భక్తుడనైనను ఈ పొరపాటును కప్పిపుచ్చజాలను.

ఇక పనితనము. ఎల్లెన్ భర్తయైన హుట్టర్ అను యువకుడు కోటకు పోవుచుండగా అతని నెక్కించుకొనుటకు నల్లని బండి యొకటి వచ్చు ఘట్టమును నే నెన్నిమార్లు చూచితినో లెక్క లేదు. కెమెరాను చేతితో త్రిప్పు కాలమది. నెమ్మదిగా త్రిప్పి తీసిన దానిని మామూలు వేగమున ఆడించినచో తెఱమీది చలనము త్వరితమగును. ఆపి ఆపి, ఒక్కొక్క ఫ్రేముగా తీసినచో అది తుళ్లితుళ్లి పడును. ఈ రెండెఱుకలతో మూర్నావ్ ఆ బండిని మలుపునుండి పురుగు ప్రాకి వచ్చినట్లు రప్పించెను. అంతటితో తృప్తి లేదు. అడవిలో ప్రవేశించినంతనే నెగటివునే మనకు చూపును: ఆకాశము నల్లబాఱును, చెట్లు ఎముకలవలె తెల్లనగును, లోకము లోపలితట్టు పైకి తిరిగినట్లుండును. అటులైన నెగటివులో నల్లని బండియు తెల్లగ కనబడవలెను గదా! బండి మాత్రము నల్లగనే యున్నది. అందులకై బండికిని గుఱ్ఱములకును ముందే తెల్లగుడ్డలు కప్పి తీసిరని పెద్దలు చెప్పుదురు. ఛాయాగ్రాహకుడు ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్. ఆ పేరు మన కుఱ్ఱకారునకు తెలియకపోవుట వారి దోషము కాదు, చెప్పినవారు లేరు.

మూత తనంత తా నెగిరివచ్చి పేటికపై పడుట, ఓడ అడుగుగది తలుపు ఎవరును తాకకయే తెఱచుకొనుట, పేటికలోనుండి ఓర్లాక్ మోకాలుగాని నడుముగాని వంచక, కఱ్ఱను నిలువబెట్టినట్లు లేచుట, మూసిన ద్వారముగుండ పొగవలె కరగి లోనికి పోవుట, వీనిలో నొక్కటియు కెమెరా పెట్టెను, చేతిని, ఓర్పును మించిన పరికరముతో చేసినది కాదు. ఆ పెట్టెలోనే అన్నియు కుదురవలెను. కుదురకపోయిన మరల మొదటినుండి తీయవలెను.

నీడ సంగతి వేఱుగ చెప్పవలెను. చివరి రాత్రి ఓర్లాక్ మేడమెట్లెక్కి వచ్చుట మనకు కనబడదు, అతని నీడ మాత్రమే గోడవెంట ఎక్కివచ్చును. గూనివీపు, మొనదేలిన వ్రేళ్లు, మెట్టుమెట్టునకు సాగు గోళ్లు; నీడ తలుపును చేరును; తరువాత శయ్యపై నున్న ఎల్లెన్ తెల్లని వస్త్రముపై ఆ చేతినీడ యొక్కటే ప్రాకి, గుండెయొద్దకు వచ్చి, పిడికిలి బిగించును. ఆమె విలవిలలాడును. చేయి తాకలేదు, నీడ తాకినది. దీపమునకు బొమ్మ దగ్గఱైన కొలది నీడ పెరుగునని మన తోలుబొమ్మలాటవారు పుట్టుకతో నేర్చిన విద్య. నిమ్మలకుంట బొమ్మకారుడెవడైన ఈ ఘట్టమును చూచినచో, మూర్నావ్ ను తనవానిగా పంక్తిలో కూర్చుండబెట్టుకొనునని నా నమ్మకము.

ఆ నీడ కర్తయైన నటుడు మాక్స్ ష్రెక్. జర్మను భాషలో ష్రెక్ అనగా భయమని యర్థ మగుటచే, అది మాఱుపేరని, వాడు నిజముగనే పిశాచమని కట్టుకథలు పుట్టినవి. పుట్టనిండు, ఆయన 1879లో బెర్లిన్ లో జన్మించి, మాక్స్ రైన్హార్ట్ నాటకసమాజమున పనిచేసిన నికార్సయిన రంగస్థలనటుడు. చిత్రమంతటను ఆయన కనబడు సమయము తొమ్మిది నిమిషములకు మించదందురు. తొమ్మిది నిమిషములు! కోరలు ప్రక్కలకు గాక ముందఱ, ఎలుక పళ్లవలె, గబ్బిలపు చెవులు, నున్నని తల, చేతులు దేహమునకు అంటుకొనిపోయి, ఎవరో వెనుకనుండి త్రోసినట్లు నడక. 1931లో అమెరికావారు తీసిన డ్రాక్యులాలో బేలా లుగోసి నూనె రాచి దువ్విన తలతో, విందునకు బయలుదేఱిన జమీందారువలె మెట్లు దిగివచ్చును. ఆ చిత్రాభిమానులు నన్ను క్షమింపనక్కఱలేదు. లుగోసి పిలిచిన భోజనమునకు పోవచ్చును. ష్రెక్ ఉన్న ఊరిలో ఒక్క రాత్రియు నిద్ర పట్టదు.

ఇప్పుడు నా మిత్రుని ప్రశ్నకు వత్తును. ఆ కాలపు ఫిలిమునకు వెలుతురు దాహ మెక్కువ. రాత్రివేళ వీధిలో చిత్రము తీయుట అసాధ్యప్రాయము. కావున రాత్రి ఘట్టములను పగలే తీసి, ప్రింటులోని ఆ ముక్కలను నీలిరంగు నీటిలో ముంచి, ఆఱబెట్టి, వరుస చెడక అతికెడివారు. నీలము రాత్రి, పసుపు దీపపు వెలుతురు, గులాబి తెల్లవాఱుజాము. ప్రేక్షకుడు రంగును చూచి కాలమును తెలిసికొనెడివాడు. నవలలోని డ్రాక్యులా పగటిపూట తిరుగగలడు. సూర్యకిరణము సోకి పిశాచము నశించుట ఈ చిత్రము కల్పించిన విశేషము, తరువాతి దెయ్యపు చిత్రములు పెక్కు దీనియొద్ద అప్పు తెచ్చుకొన్నవే. అట్టి చిత్రమునుండి రంగును కడిగివేసి, తెలుపు నలుపు ప్రింట్లు తీసి, వానినుండి మఱల ప్రింట్లు తీసి అమ్ముకొన్నవారి మూలమున, ఎండ తగిలిన చచ్చువాడు మిట్టమధ్యాహ్నము పేటిక మోసికొని మన యెదుట షికారు చేసెను! సెకనుకు పదునెనిమిదింటికి కొంచె మటునిటుగ నడువవలసిన ఫ్రేములను శబ్దచిత్రపు యంత్రమున ఇరువదినాలుగు చొప్పున పరుగెత్తించుటచే, గుండెలపై కాలు మోపినట్లు నడువవలసినవాడు కోడిపిల్లవలె ఉఱికెను. మేము నవ్వక యేమి చేయుదుము?

మా మాయాబజారులో మార్కస్ బార్ట్లే కురిపించిన వెన్నెలను ఎవడైన చెఱిపివేసి, ఆ పడవ ఎండలో పోవుచున్నదని చూపినచో తెలుగువా డొక్కడైన ఊరకుండునా?

కొన్నేండ్లకు మఱియొక నగరమున, స్పెయిను దేశీయుడైన లూసియానో బెర్రియటూవా 2005-06లో పునరుద్ధరించిన ప్రతిని చూచితిని. ఫ్రెంచి చలనచిత్రాగారమున దాగియున్న 1922 నాటి రంగుల ప్రింటు దానికి ఆధారము. హాన్స్ ఎర్ట్మన్ నాడు కూర్చిన సంగీతమును అతికి వినిపించిరి. ఓర్లాక్ ఓడ దిగెను. వీధి నీలము, ఇండ్లు నీలము, పేటిక మోయుచున్న యాకారము చిక్కని నీలిచీకటిలో అడుగులో అడుగు వేయుచు పోవుచుండెను. సభలో దగ్గు సైతము వినబడలేదు.

ఈ చిత్రము మిగులుటయే యొక యద్భుతము. స్టోకర్ 1912లో గతించగా, ఆయన భార్య ఫ్లోరెన్స్ న్యాయస్థానమున కెక్కి, గెలిచి, 1925లో ప్రతులన్నిటిని నాశనము చేయవలెనని తీర్పు పొందెను. ఆమెది ధర్మము, హక్కు ఆమెది. ఐనను అప్పటికే దేశములు దాటిపోయిన ప్రతులు కొన్ని బ్రతికినవి. మన సంగతి యేమి? అదే 1921 ప్రాంతమున రఘుపతి ప్రకాశ్ తీసిన భీష్మప్రతిజ్ఞ యను మూకచిత్రమును ఏ న్యాయస్థానమును తగులబెట్టమనలేదు, ఏ విధవయు వ్యాజ్యము వేయలేదు. ఐనను నేడొక్క అడుగు ఫిలిమైనను చూపగలవారు లేరు. తీర్పు కన్న అశ్రద్ధ క్రూరము.

అనుకరణముల మాట ఎత్తిన నాకు నెమ్మది తప్పును. 1979లో వెర్నర్ హెర్జోగ్ మరల తీసినది గురుదక్షిణ వంటిది. దానిని వేఱు చేసి చెప్పుచున్నాను. తక్కినవారు నేర్చినదేమి? నిశ్శబ్దముగ నొక నిమిషము నిలిపి, పిదప చెవులు చిల్లులు పడునట్లు ఢమాలున శబ్దము చేయుట. తెల్లజుట్టు విరబోసికొన్న ఆకారమును తెఱ నిండ విసరుట. వెంటనే ఒక హాస్యగానిచే అరపించుట. కంప్యూటరుతో వేయి గబ్బిలముల నెగురవేయుదురు. మూర్నావ్ వ్రేళ్ల నీడ యొక్కటితో చేసినదానిలో వీసమెత్తు లేదు. అంతకన్న దుర్మార్గము, ఈ పాత చిత్రమునే తెచ్చి, డిస్కో వాద్యములు తగిలించి, అరగంటకు కోసి, "క్లాసిక్" అని బిళ్ల అంటించి అమ్ముట. అజంతా గోడకు సున్నము కొట్టినవాడును ఇంతకన్న చేసినదేమి?

కావున ఫిలిం సొసైటీల మిత్రులకు నా మనవి యొక్కటే. ఈ చిత్రమును వేయదలచినచో, ముందు రోజు సాయంకాలము మీరే తలుపులు వేసికొని, ఓర్లాక్ ఓడ దిగు రీలును ఆడించి చూడుడు. వీధి నీలముగ లేకపోయినను, వాడు పరుగెత్తుచున్నను, ప్రదర్శనము మానుకొనుడు. టిక్కెట్లు కొన్నవారికి డబ్బు తిరిగి యిండు, నలుగురు తిట్టిన తిట్టనిండు. ఇక చూడ వచ్చినవారికి: వీధి తెల్లగ కనబడినచో లేచి యింటికి పొండు.