కారు కిటికీ, రైలు కిటికీ

అమెరికా వాయవ్య తీరంలోని వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో పార్కింగ్ స్థలాల మూలల్లోనూ పెట్రోలు బంకుల పక్కనా కనిపించే చిన్న కాఫీ గదిని అక్కడివారు కాఫీ స్టాండ్ అంటారు. కూర్చునే చోటు లేని, ఇద్దరు మనుషులు ఒకరినొకరు తప్పుకుంటూ తిరగడానికి మాత్రమే వీలున్న ఈ గదికి ఒక పక్కనో రెండు పక్కలానో కిటికీ ఉంటుంది. కొనేవారు కారు దిగకుండా ఆ కిటికీ దాకా బండి తెచ్చి, కావలసింది చెప్పి, డబ్బు కట్టి, కప్పు అందుకుని వెళ్లిపోతారు కాబట్టి ఈ పద్ధతికి డ్రైవ్‌త్రూ అనే పేరు స్థిరపడింది. దీనికి ఒక పూర్వరూపం కూడా ఉంది: ఫిల్ము రీళ్లు కడిగించుకునే రోజుల్లో ఫోటోమాట్ అనే సంస్థ పార్కింగ్ స్థలాల్లో వేల సంఖ్యలో నిలబెట్టిన బుల్లి గూళ్లు, గంటలో ఫోటోలు చేతికిచ్చే దుకాణాలు వచ్చాక ఖాళీ పడి, కొన్నిచోట్ల కాఫీ గదులుగా మారాయి. ఒరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్‌లో 1992లో పాడి రైతు కుటుంబానికి చెందిన ఇద్దరు అన్నదమ్ములు తోపుడు బండి మీద మొదలుపెట్టిన డచ్ బ్రోస్ 2021లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ మెట్లెక్కింది గాని, ఈ వారపు విచారణ అంత దూరం పోయినవారి గురించి కాదు. ఒకే యంత్రం, ఒకే కిటికీ, రోజులో సగం యజమానే ఆప్రాన్ కట్టుకుని నిలబడే స్టాండ్‌కు, నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా సాగే పండగల కాలం ఎలా గడుస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న పుట్టింది చిరాకులోంచి. సియాటిల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు పాఠకుల నుంచి ఈ వారం ఈ శీర్షికకు చేరిన ఒక ఫోటోలో అలాంటి స్టాండ్ తాలూకు మెనూ బోర్డు ఉంది. దాని మీద రంగు సుద్దముక్కలతో మంచు బొమ్మల నడుమ పద్నాలుగు పండగ పానీయాల పేర్లు, జింజర్‌బ్రెడ్ లాటే అని, పెప్పర్‌మింట్ మోకా అని, ఎగ్‌నాగ్ లాటే అని వరుసగా రాసి ఉండగా, అడుగున ఎవరూ చూడని చోట చిన్న అక్షరాల్లో ఎస్ప్రెస్సో అని ఉంది. ఎస్ప్రెస్సో అంటే మెత్తగా విసిరిన కాఫీ పొడిలోంచి 9 బార్ల ఒత్తిడితో, అంటే గాలి మామూలుగా మన మీద మోపే ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లతో, వేడినీటిని అర నిమిషంలోపు నెట్టి తీసే చిక్కటి సారం. అక్కడి కాఫీలన్నిటికీ అదే మూలధనం. మూలధనాన్ని అడుగుకు తోసి అలంకారాలను నెత్తికెక్కించుకోవడం ఈ శీర్షిక సహించే విషయం కాదని పాత పాఠకులకు చెప్పనక్కర్లేదు. పెళ్లి విస్తట్లో ముప్పై రకాలు వడ్డించడం మర్యాద కాదు గందరగోళమని వాదించినప్పుడూ, కాఫీలో పొడి, పాలు, చక్కెర తప్ప నాలుగోది పడితే దానికి వేరే పేరు పెట్టుకోవాలని పట్టుబట్టినప్పుడూ వచ్చిన ఉత్తరాలు, ముఖ్యంగా చికోరీ సంగతేమిటని నిలదీసినవి, ఇంకా భద్రంగానే ఉన్నాయి. వాటికి సమాధానం మాత్రం ఇప్పటికీ లేదు.

మెనూ కుదించాలన్న వాదానికి ఈసారి గణితం కూడా సాక్ష్యానికి వచ్చినట్టే కనిపించింది. వరుసలో నిలబడేవారి లెక్కను శాస్త్రంగా మలచడం డెన్మార్క్‌లో టెలిఫోన్ పిలుపుల రద్దీని అధ్యయనం చేసిన ఎర్లాంగ్ 1909లో ప్రచురించిన వ్యాసంతో మొదలైంది. టెలిఫోన్ పిలుపుకు వర్తించిన సూత్రమే కాఫీ కోసం వచ్చిన కారుకూ వర్తిస్తుంది. ఒక్కో కారుకు సగటున 2 నిమిషాల 24 సెకన్లు పడుతుందనుకుంటే ఆ కిటికీ గంటకు 25 కార్లను పంపగలదు. కార్లు ఒక క్రమం లేకుండా వస్తాయని, ఒక్కోదానికి పట్టే సమయంలోనూ బాగా హెచ్చుతగ్గులుంటాయని ఒప్పుకుని లెక్కగడితే, గంటకు 20 కార్లు వచ్చే మామూలు రోజున కిటికీ దగ్గరున్న దానితో కలిపి సగటున 4 కార్లుంటాయి, వచ్చినవారు 12 నిమిషాల్లో బయటపడతారు. అదే పండగ రోజున 24 కార్లు వచ్చాయంటే వరుస కూడా 24కు పెరుగుతుంది, నిరీక్షణ గంటకు చేరుతుంది. రాక ఐదో వంతు పెరిగితే ఎదురుచూపు ఐదు రెట్లయిందన్నమాట. నిజానికి ఎవరూ గంటసేపు ఆగరు. వరుస తోక రోడ్డు మీదికి రాగానే వెనక వచ్చినవారు చూసి బండి తిప్పుకుని పోతారు, అలా తప్పిపోయిన బేరం ఏ రసీదులోనూ కనిపించదు. హెచ్చుతగ్గులు తగ్గితే వరుస తగ్గుతుంది, పానీయాలు తగ్గితే హెచ్చుతగ్గులు తగ్గుతాయి, కాబట్టి పద్నాలుగింటిలో పది కొట్టేయాలి అన్నంత దాకా ఆలోచన సాఫీగానే సాగింది.

ఆ సాఫీ దారికి అడ్డం వచ్చింది రైలు. కిటికీలోంచి కాఫీ కొనడమనే పద్ధతిని అమెరికా వాయవ్య తీరం కనిపెట్టిందని నమ్మేవారు గూడూరు, విజయవాడ, రాజమండ్రి స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద ఒక్క తెల్లవారుజామైనా గడపలేదనుకోవాలి. అక్కడ కొనేవాడు కూర్చున్నచోటు నుంచి కదలడు, అమ్మేవాడే కిటికీ వెతుక్కుంటూ వస్తాడు. బండి ఆగేది రెండు నిమిషాలైతే ఆ రెండు నిమిషాల్లో ఎన్ని కిటికీలు దాటగలిగితే అంత బేరం. కుళాయి బిగించిన స్టీలు క్యాను ఒక చేతికి, ఒకదాంట్లో ఒకటి గుచ్చిన కప్పుల దొంతర మరో చేతికి, నోట్లు వేళ్ల సందులకు, చిల్లర చొక్కా జేబుకు పంచుకున్న ఆ మనిషి, కిటికీకి అడ్డంగా ఉన్న ఊచల మధ్యనుంచి కప్పు దూర్చేటప్పుడు దాన్ని అంచు దగ్గర కాక కాస్త కిందగా పట్టుకుంటాడు. అంచు దగ్గర పట్టుకుంటే లోపలివాడి వేళ్లకు చోటుండదు, మరీ అడుగున పట్టుకుంటే తన వేళ్లు కాలతాయి. నాలుగు వేళ్లు ఒక చోటా మరో నాలుగు వేళ్లు మరో చోటా ఒకే కప్పును పట్టుకున్న ఆ లిప్తలో బండి కదిలితే ఎవరు వదలాలన్నది ఇద్దరికీ తెలుసు. కప్పు ముందు, డబ్బు తర్వాత. కదిలే బండి వెంట నాలుగడుగులు పరిగెత్తి నోటు అందుకోవడం, ఐదో అడుగులో చిల్లర లోపలికి వేయడం ఆ వృత్తిలో మామూలు పనులు. అమెరికా స్టాండ్లలో కార్డు గీకే తెరను కిటికీలోంచి బయటికి తిప్పి, టిప్పు ఎంతో ఎంచుకోమని చూపించి, కొనేవాడు తేల్చుకునేదాకా మర్యాదగా వేరే వైపు చూసే బరిస్టా, అంటే కాఫీ కలిపే పనిమంతుడు, ఈ పరుగు చూస్తే ఏమనుకునేవాడో. ఏసీ పెట్టెలు పెరిగి వాటి కిటికీలు మూతపడ్డాక ఆ క్యాను బోగీ లోపలికి నడిచింది గాని, లోపల అమ్మేటప్పుడు ఆ పరుగు అవసరం లేదు.

ఆ వేగానికి కారణాన్ని ఈ శీర్షిక చాలాకాలంగా డికాషన్‌కు అంటగడుతూ వచ్చింది. ఎస్ప్రెస్సో కప్పుకు కప్పు విడిగా పుట్టాలి. డికాషన్ రాత్రే ఫిల్టరులో బొట్టుబొట్టుగా దిగి, పొద్దున్న పది కప్పులకు సిద్ధంగా ఉంటుంది, కిటికీ దగ్గర మిగిలేది కలపడమే. ఇత్తడి ఫిల్టరే ప్రపంచంలో మొదటి డ్రైవ్‌త్రూ యంత్రమని ఈ శీర్షిక ఒకప్పుడు రాసేసింది కూడా. అయితే న్యాయంగా ఆలోచిస్తే, ప్లాట్‌ఫారం క్యానులో ఫిల్టర్ డికాషన్ ఉండేదని హామీ ఇవ్వగలవారెవరు? చాలాచోట్ల అది ఇన్‌స్టంట్ పొడి, ఒకవేళ డికాషనే అయినా అది మొదటిది కాదు, రెండోదో మూడోదో. అయినా చలికాలపు తెల్లవారుజామున దుప్పటి భుజాల మీదికి లాక్కుని తాగిన ఆ కాఫీని తెలుగు ప్రయాణికులు తలుచుకునే తీరులో ఫిర్యాదు వినిపించదు. వారు తాగింది వేడి, తీపి, పాలు. కాఫీ అక్కడ వాసనకు మాత్రమే హాజరైంది. కాఫీ స్వచ్ఛత మీద ఇన్ని వారాలు ధర్మాసనం వేసుకు కూర్చున్న శీర్షికకు అతి ఇష్టమైన కాఫీ జ్ఞాపకంలో కాఫీయే పలచగా ఉందని తేలడం కొంచెం ఇబ్బందికరమైన సంగతి.

ఆ ఇబ్బందితోనే మెనూ బోర్డును మళ్లీ చూస్తే మరొకటి తెలుస్తుంది. దాని మీద పేర్లు పద్నాలుగైనా పానీయాలు అన్ని లేవు. లాటే అంటే ఎస్ప్రెస్సో మీద ఆవిరితో వేడిచేసిన పాలు పోసినది. జింజర్‌బ్రెడ్ అన్నా వెనిలా అన్నా ఆ లాటేలో వేరే సిరప్ సీసా మూతను రెండు మూడు సార్లు నొక్కడమే తేడా, దానికి పట్టేవి రెండు సెకన్లు. అంటే పది పేర్లు కొట్టేసినా వరుసలో కలిసొచ్చే సమయం ఏమీ ఉండదు. పేర్లు చదువుతూ తేల్చుకోలేకపోయేవారి సంగతి వేరు గాని, వారు రెండు పేర్లున్నా అంతసేపే ఆలోచిస్తారు. గణితం వేలెత్తి చూపగలిగేది ఒక్కదాన్నే, ఎగ్‌నాగ్‌ను.

ఎగ్‌నాగ్ అంటే పాలు, మీగడ, చక్కెర, గుడ్డు సొన కలిపి జాజికాయ పరిమళం పట్టించిన చిక్కటి పానీయం; అమెరికా ఆహార నిబంధనల ప్రకారం ఆ పేరుతో అమ్మాలంటే అందులో కనీసం 6 శాతం పాల కొవ్వు, 1 శాతం గుడ్డు పచ్చసొన ఘనపదార్థం ఉండాలి. దీన్ని ఆవిరితో వేడిచేయడం పాలను వేడిచేసినంత తేలిక కాదు. పాల జగ్గులో ఆవిరి గొట్టం కొన పైపైన తాకిస్తే కాగితం చింపినట్టు సన్నగా శబ్దం వస్తుంది, నురగ పొంగుతుంది, అరచేయి జగ్గును ఓర్చుకోలేనంత వేడెక్కితే 60 డిగ్రీలు దాటిందని గుర్తు. ఎగ్‌నాగ్‌లో ఆ శబ్దం బొంగురుపోతుంది, నురగ బద్ధకంగా లేస్తుంది, గొట్టానికి చక్కెర అంటుకోవాలని చూస్తుంది, వేడి శ్రుతి మించితే గుడ్డు గట్టిపడి పలుకులు తేలి లాటే కాస్తా పొరటు అవుతుంది. అందుకే తెలిసినవారు సగం పాలు కలుపుతారు, గొట్టాన్ని లోతుగా ముంచి జగ్గులో సుడి తిప్పుతారు, శబ్దం మారే వేళ కోసం చెవి అప్పగిస్తారు, దించిన క్షణంలో ఆవిరి ఒకసారి వదిలి తడిగుడ్డతో గొట్టాన్ని తుడుస్తారు. ఆ గుడ్డ ఆలస్యమైతే చక్కెర పెంకు కట్టి తర్వాతి జగ్గంతా మాడు వాసన వేస్తుంది. పాయసంలో బెల్లం వేసే ముందు గిన్నె దించి ఎంతసేపు ఆగాలో, అరిసెల పాకాన్ని నీళ్లలో వేస్తే ఎలాంటి ఉండ కట్టినప్పుడు పిండి పోయాలో తెలిసిన చేయి ఈ పనిని చూసి వెంటనే గుర్తుపడుతుంది. బోర్డు మీది పద్నాలుగింటిలో యంత్రానికి వదిలేయడానికి వీల్లేనిది ఇదొక్కటే, వరుసను ఆలస్యం చేసేదీ ఇదొక్కటే. స్టార్‌బక్స్ 2014లో దీన్ని మెనూలోంచి తీసేసి, తాగేవారు గొడవ చేస్తే ఆ సీజన్‌లోనే తిరిగి తెచ్చింది. ఏడాదికి కొన్ని వారాలే దొరికే దాని మీద మనుషులకుండే పట్టుదల అలాంటిది. సంక్రాంతికి అరిసెలు ఆలస్యమవుతున్నాయని వాటిని మానేసిన ఇల్లు ఉందా?

పండగ కాలపు గల్లా పెట్టె గురించి ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డిసెంబరులో స్టాండ్లు విరివిగా అమ్మే గిఫ్ట్ కార్డు, అంటే ముందే డబ్బు కట్టి ఇతరులకు కానుకగా ఇచ్చే కాఫీ చీటీ, చేతిలో డబ్బుగా కనిపించినా లెక్క ప్రకారం అప్పు. దానికి కాఫీ పోయాల్సింది జనవరిలో. వాషింగ్టన్ రాష్ట్రంలో కనీస వేతనం మారేదీ జనవరి ఒకటినే, 2025లో అది గంటకు 16.66 డాలర్లయింది, టిప్పులను అందులో కలిపి చూపడానికి చట్టం ఒప్పుకోదు. రద్దీ తగ్గిన నెలలో పాత చీటీలకు కొత్త కూలితో కాఫీ కలపాల్సి వస్తుందని తెలియని యజమాని, డిసెంబరు డబ్బుతో రెండో యంత్రం కొని చిక్కులో పడతాడు.

ఇక బోర్డు అడుగున ఉన్న ఎస్ప్రెస్సో. 36 గ్రాముల సారం కాగితపు కప్పు అడుగున పల్చగా పరుచుకుని, మూత బిగించి, కిటికీ దాటి, కారులో కప్పు పెట్టే గుంటలో కుదురుకుని, బండి రోడ్డెక్కి మొదటి ఎర్ర దీపం దగ్గర ఆగేసరికి పైనున్న నురగ విరిగిపోతుంది, వేడి సగం కాగితానికే పోతుంది, మిగిలేది పుల్లటి చేదు. పింగాణీ కప్పులో నిలబడి రెండు గుక్కల్లో తాగాల్సిన దాన్ని కదిలే బండికి అప్పగించడం దాని పట్ల గౌరవం అనిపించుకోదు. పాలు, తీపి, గుడ్డు మోసుకొచ్చిన ఎగ్‌నాగ్ లాటే మాత్రం డిసెంబరులో నాలుగున్నర కాకముందే పొద్దుగూకే ఆ ఊళ్లలో, తడి రోడ్డు మీద పది మైళ్ల దాకా వెచ్చగానే ఉంటుంది. అక్కడి స్టాండ్లలో కప్పు మూత మీద చాక్లెట్ పూసిన కాఫీ గింజ ఒకటి పెట్టి ఇచ్చే ఆనవాయితీ ఉంది, వెనక సీట్లో కుక్క ఉంటే దానికో బిస్కట్ కూడా ఇస్తారు. పండగ రద్దీలో సమయం మిగుల్చుకోవాలని ఎవరైనా ఈ రెండింటిలో ఏదో ఒకటి మానేస్తే ఆ సంగతి ఈ శీర్షికకు రాసి పంపగలరు. పద్నాలుగు పేర్ల మీద వేసిన అభ్యంతరం ఈ వారంతో వాపసు తీసుకోవడమైంది. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఆ పదిహేనోది మాత్రం ఆ యజమాని చెరిపేస్తే బాగుంటుంది.