ఎవరి గది?

ప్రేమకథలంటే నాకిష్టం. ఉద్యమాల్లో తిరిగేవాళ్లు ఈ మాట పైకి చెప్పడానికి కాస్త సిగ్గుపడతారు. నాకు సిగ్గు లేదు. మగవాడు మగవాణ్ణి ప్రేమించే కథలంటే ఇంకా ఇష్టం, ఎందుకంటే నేనూ అలాంటివాణ్ణే. పదిహేనేళ్లుగా దొరికినవన్నీ చదువుతున్నాను. ఇంగ్లీషువి, మరాఠీ నుంచి ఇంగ్లీషులోకి వచ్చినవి. ప్రతిసారీ ఆశతో మొదలుపెడతాను. చాలాసార్లు కోపంతో మూసేస్తాను. ఆ కోపం ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ పుస్తకాల మీద మామూలుగా వినపడే ఫిర్యాదు వేరు. చివర్లో ఒకడు చస్తాడు, లేకపోతే ఎవరో అమ్మాయిని చేసుకుని వెళ్లిపోతాడు, గే ప్రేమకి సుఖాంతం ఇవ్వరు అంటారు. నిజమే. నా పేచీ మాత్రం చివరి పేజీతో కాదు. మధ్యలో ఎక్కడో, ఇద్దరూ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటారు. నేను ఆ తలుపు దగ్గరే ఆగిపోతాను. ఆ గది ఎవరిది? అద్దె ఎవరు కడుతున్నారు? ఊడ్చేది ఎవరు? రెండోవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడు, తెల్లారాక ఎక్కడికి పోతాడు?

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. ఇల్లంటే ఒకటే గది. అందులో మాయమ్మ, నాయన, నాయనమ్మ, మేం నలుగురు పిల్లలం. తలుపు ఉండాల్సిన చోట చాలాకాలం గోనెపట్టా వేలాడేది. నాయన పొగాకు బేరన్ల దగ్గర పనిచేసేవాడు. సీజన్లో రాత్రిళ్లు కూడా అక్కడే. ఆరో తరగతి నుంచి నాకు సాంఘిక సంక్షేమ హాస్టల్. ఒక పెద్ద హాలు, ఎనభై మంది పిల్లలు, గోడవారన ట్రంకుపెట్టెలు. మనిషికి సొంతమంటూ ఉండేది ఆ పెట్టె, దాని తాళంచెవి. గది లేదు కాబట్టి ప్రేమ లేదని ఎవరూ అనుకోవద్దు. ప్రేమ ఉంది, దానికి చోటు లేదు. దాన్ని బతికించుకోవాలంటే ఇంకొకళ్ల గదికి పోవాలి. ఇంకొకళ్ల గదికి పోవడమంటే వాళ్ల షరతుల మీద పోవడమే.

నేను పీజీ చదివేటప్పుడు అలాంటి గది ఒకటి ఉండేది. అతనిది పెద్దకులం. మేడమీద గది అద్దెకు తీసుకున్నాడు. రెండేళ్లు ఆ గదికి వెళ్లాను. వాళ్లమ్మ ఊర్నించి వచ్చిన రోజుల్లో మాత్రం నన్ను రావద్దనేవాడు. మగవాణ్ణి కాబట్టి అనుకుంటారేమో. అతని మగ స్నేహితులంతా ఆ రోజుల్లోనూ వచ్చేవాళ్లు. వాళ్లమ్మ వడ్డిస్తే తిని, అక్కడే చాప పరుచుకుని పడుకునేవాళ్లు కూడా. ఇద్దరు మగపిల్లలు ఒక గదిలో పడుకుంటే మన ఊళ్లలో ఏ తల్లికీ అనుమానం రాదు. ఆమె వచ్చినవాణ్ణల్లా అడిగేది ఒకటే: "ఎవరబ్బాయివి నాయనా? మీ ఇంటిపేరేంటి?" ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఆ గదిలో చెల్లదు. అంటే రెండేళ్లూ అతను జాగ్రత్తగా దాచింది నా కులాన్ని. ప్రేమ మీద కప్పడానికి స్నేహమనే దుప్పటి ఉంది. కులం మీద కప్పడానికి ఏ దుప్పటీ లేదు.

నేను చదివిన ప్రేమకథల్లో చాలావాటికి ఈ సంగతి తెలియదు. వాటికి కనపడే గోడ ఒకటే: ఇద్దరూ మగవాళ్లు కావడం. ఆ గోడ దాటితే కథ అయిపోతుంది.

ఆంద్రె అసిమాన్ 'కాల్ మీ బై యువర్ నేమ్' (2007) చూడండి. ఇటలీలో ఒక ప్రొఫెసర్ గారి పెద్ద ఇల్లు. పదిహేడేళ్ల కొడుకు ఎలియో, వేసవికి అతిథిగా వచ్చిన ఆలివర్. అతిథి కోసం ఎలియో తన గదినే ఖాళీ చేస్తాడు. పక్కన ఇంకో గది ఉంది కాబట్టి చెయ్యగలడు. వండి పెట్టడానికి మఫాల్డా ఉంది, తోటపనికి ఇంకో మనిషి ఉన్నాడు. ప్రేమించడం తప్ప ఆ పిల్లాడికి వేరే పని లేదు. వచనం అందంగా ఉంది, కాదనను. చివర్లో తండ్రి కొడుకుతో చల్లగా మాట్లాడే ఘట్టం చదివి చాలామంది ఏడ్చారు. నేను మాత్రం మఫాల్డా గురించి ఆలోచించాను. ఆమెకి ఒక కొడుకుండి, వాడు ఇంకో మగవాణ్ణి ప్రేమిస్తే, ఆ మాటలు వాడికి ఎవరు చెప్తారు? పుస్తకానికి ఆ ఊహే రాలేదు.

సుఖాంతం కావాలన్నవాళ్ల కోసం 2019లో కేసీ మెక్విస్టన్ 'రెడ్, వైట్ అండ్ రాయల్ బ్లూ' వచ్చింది. అమెరికా అధ్యక్షురాలి కొడుకు, ఇంగ్లండు రాకుమారుడు. హుషారుగా చదివిస్తుంది. నాయకుడి తండ్రి మెక్సికన్ మూలాలవాడని రాశారు, మంచిదే. అయినా ఇద్దరు మగవాళ్లు సుఖపడ్డానికి ఒక వైట్‌హౌసూ ఒక రాజభవనమూ కావాల్సొచ్చాయి.

వందేళ్ల కిందటే ఇ.ఎం. ఫార్‌స్టర్ ఇంతకంటే ధైర్యం చేశాడు. 'మారిస్' నవలని 1913-14లో రాసి, బతికుండగా అచ్చువేయలేదు. ఆయన 1970లో పోయాక 1971లో వచ్చింది. ఇంగ్లండులో 1967 దాకా ఇది జైలుకి పంపే నేరం. అలాంటి కాలంలో ఇద్దర్నీ చంపకుండా, విడదీయకుండా కలపాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ పట్టుదలకి దండం పెడతాను. కలిపింది కూడా షేర్ల వ్యాపారం చేసే మారిస్‌నీ, ఒక పెద్దింటి ఎస్టేటులో వేటపక్షులకి కాపలా ఉండే అలెక్‌నీ. అలెక్ అర్జెంటీనా పోయే ఓడని వదులుకుని ఆగిపోతాడు. ఇద్దరూ లోకానికి కనపడకుండా వెళ్లిపోతారు. మర్నాడు ఏం తిన్నారు? ఎక్కడ పని దొరికింది? కొన్నేళ్ల తర్వాత వాళ్లు కట్టెలు కొట్టుకుంటూ బతుకుతున్నట్టు ఫార్‌స్టర్ ఒక ముగింపు రాశాడు కూడా. చదివినవాళ్లకి నచ్చలేదని తీసేశాడు. నాకు కావాల్సిన పేజీ సరిగ్గా అదే.

జేమ్స్ బాల్డ్విన్ దగ్గర నేను గొంతు తగ్గిస్తాను. 'జియోవానీస్ రూమ్' (1956) పేరులోనే గది ఉంది. పారిస్‌లో బార్లో పనిచేసే ఇటలీ కుర్రాడి ఇరుకు గది. అమెరికన్ డేవిడ్ కొన్నాళ్లు అందులో ఉండి, ఊపిరాడక పారిపోతాడు. గదిగలవాడు గిలెటిన్ కింద చస్తాడు. ఇక్కడ గది పేదవాడిది, వదిలిపోయే స్వేచ్ఛ మాత్రం రెండోవాడిది. నల్లజాతి రచయిత అయ్యుండి తెల్లవాళ్ల కథ ఎందుకు రాశావంటే, రెండు బరువులూ ఒకే పుస్తకంలో మోయడం అప్పటికి తనవల్ల కాలేదని తర్వాత చెప్పాడు. 1962లో 'అనదర్ కంట్రీ'లో రెండూ ఎత్తుకున్నాడు. బాల్డ్విన్ నన్ను నిరాశపరచలేదు. నెత్తిమీద రెండు బరువులున్నాయని ఆయనకి తెలుసు.

మన దేశపు రచయితల మీద అందుకే ఎక్కువ ఆశ పెట్టుకున్నాను. సచిన్ కుండల్కర్ మరాఠీలో రాసిన 'కోబాల్ట్ బ్లూ' 2006లో వచ్చింది. 2013లో జెర్రీ పింటో ఇంగ్లీషు చేశాడు. పూణేలో జోషీల ఇల్లు. మేడమీద గదిలో అద్దెకు దిగిన కుర్రాణ్ణి ఆ ఇంటి కొడుకూ ప్రేమిస్తాడు, కూతురూ ప్రేమిస్తుంది. ఆ కుర్రాడికి పుస్తకమంతటా పేరు లేదు. అది అందమని మెచ్చుకున్నారు. మేం అద్దెకి ఇల్లడిగితే ఓనరు నోట్లోంచి వచ్చే మొదటి మాటే ఇంటిపేరు. పేరు లేకుండా ఒక కుర్రాడు జోషీల మేడెక్కగలిగాడంటే, వాడి కులానికి అడ్డు లేదనే నేను అర్థం చేసుకున్నాను.

ఆర్. రాజ్ రావు 'ది బాయ్‌ఫ్రెండ్' (2003) ఇంత తప్పించుకోలేదు. కులాన్ని పేరుపెట్టి పిలిచింది. నలభై దాటిన పైకులం జర్నలిస్టు యుడి, ముంబై చర్చ్‌గేట్ స్టేషన్లో తారసపడిన పందొమ్మిదేళ్ల దళిత కుర్రాడు మిలింద్. పేజీ తిప్పుతుంటే నా గుండె కొట్టుకుంది. చివరికి దొరికిందేంటి? గే అన్నదే తన కులం, అదే తన మతం అన్నట్టు మాట్లాడతాడు యుడి. కులాన్ని చొక్కాలా విప్పి కొక్కేనికి తగిలించే వీలు అతనికుంది. మిలింద్‌కి లేదు. ఎక్కువగా మనం యుడి కళ్లతోనే మిలింద్‌ని చూస్తాం. ఒళ్లు తెలిసినంతగా వాడి మనసు తెలియదు. మిలింద్ పెళ్లి చేసుకుంటాడు, యుడికి దుఃఖం మిగులుతుంది. మిలింద్‌కి ఏం మిగిలిందో వాడి నోటితో వినాలని ఉండింది నాకు.

ప్రేమకథలో కులం గొడవెందుకని కొందరంటారు. అంబేద్కర్ 1916లో, పాతికేళ్ల వయసులో, న్యూయార్కులో చదివిన పత్రంలో కులం ప్రాణం స్వకుల వివాహంలో ఉందన్నాడు. 1936 నాటి 'కుల నిర్మూలన'లో కులాంతర వివాహమే అసలు మందన్నాడు. ఎవరు ఎవర్ని కోరుకోవచ్చో నిర్ణయించేదే కులం. అలాంటప్పుడు ప్రేమకథ కంటే దానికి దగ్గరి సాహిత్యం ఏముంది? మగవాళ్లిద్దరి మధ్య పెళ్లీ పిల్లలూ లేవు కాబట్టి కులం ఉండదంటారా? 2015లో ముంబైలో ఒక తల్లి గే కొడుక్కి వరుడు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చింది. దేశమంతా మెచ్చుకుంది. కులం పట్టింపు లేదని రాస్తూనే, తమ కులమైతే మంచిదని పక్కనే రాసింది.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ని సవరించి చదివి, పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. మేం మిఠాయిలు పంచుకున్నాం. ఎనిమిది రోజులకి, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్‌ని పట్టపగలు నరికి చంపారు. పైకులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు. వాళ్ల ప్రేమని ఏ సెక్షనూ నేరమనలేదు. చట్టం గోడ కూలితే ప్రేమ గెలిచినట్టే అని రాసేవాళ్లు ఆ రెండు వారాల పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

మనవాళ్ల సంగతీ ఉంది. ఇది పట్నం జబ్బు, పైకులాల విలాసం అని మీటింగుల్లో నా మొహం మీదే అన్న అన్నలున్నారు. కారంచేడు, చుండూరు పాటలు నాకు నేర్పింది కూడా వాళ్లే. పై పుస్తకాలన్నీ ఆ అన్నల వాదనకే బలమిస్తున్నాయి. ఎప్పుడూ గది ఉన్నవాడి ప్రేమే అచ్చవుతుంటే, గది లేనివాడు అలా ప్రేమించడనే అనుకుంటారు. మా పల్లెలో నాకు తెలిసి నాలాంటివాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఒకడు ఆటో తోలతాడు. ఒకడికి పెళ్లయి పిల్లలున్నారు. వాళ్లు ఏ విలాసమూ ఎరగరు.

అలెక్ కట్టెలు కొట్టిన పేజీ కావాలి. మఫాల్డా కొడుకు కథ కావాలి. మిలింద్ తనే చెప్పుకునే కథ కావాలి. సుఖాంతం మీద నాకేం కోపం లేదు, మనవాళ్లు కథల్లో చచ్చింది చాలు. ఇద్దరు మాదిగ కుర్రాళ్లు అద్దెకి గది అడిగి, ఇంటిపేరు ఉన్నదున్నట్టు చెప్పి, తాళంచెవి తీసుకుని లోపలికి పోయే కథ ఒకటి రావాలి. అద్దె ఎంతో, కూలి ఎంతో, వాళ్లమ్మలు ఏమన్నారో అందులో ఉండాలి. అది రాయగలిగినవాళ్లు ఇది చదువుతున్నవాళ్లలోనే ఉన్నారు. రాయండి.