ముందు నక్షత్రం సంగతి

గాజు వాన కురిసే గ్రహం గురించి మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ముదురు నీలం రంగు, గంటకు ఏడు వేల కిలోమీటర్లు దాటిన గాలులు, వెయ్యి డిగ్రీలకు అటూఇటూ వేడి. 2024లో కుళ్లిన గుడ్ల వాసన కూడా ఈ జాబితాలో చేరింది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ జాడ దొరికింది మరి. గ్రహం పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు: హెచ్‌డీ 189733 బి.

దానితో నాకున్నది వేరే రకం పరిచయం. మేడ మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ పెట్టుకుని, దాని నక్షత్రం వెలుగు ఎంత తగ్గుతుందో కొలుస్తుంటాను. గ్రహం నాకు ఎన్నడూ కనిపించదు. 2005లో ఫ్రాన్స్‌లోని ఓట్ ప్రోవాన్స్ అబ్జర్వేటరీ నుంచి దాన్ని పట్టుకున్న బుషీ బృందానికీ అది కనిపించలేదు. నక్షత్రం కదలికలోని ఊగిసలాట, వెలుగులో తగ్గుదల, ఈ రెండే దాని ఉనికికి సాక్ష్యం.

ఆ నక్షత్రం మనకు దాదాపు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సూర్యుడి కంటే కొంచెం చిన్నది, చల్లనిది, నారింజ రంగుది. గురుగ్రహం కంటే కాస్త పెద్దదైన ఈ గ్రహం దాన్ని ఆనుకునే తిరుగుతుంది. అక్కడి ఏడాది మన లెక్కన 53 గంటలు. మనవైపు నుంచి నక్షత్రానికి అడ్డం వచ్చిన ప్రతిసారీ దాదాపు 1.8 గంటల సేపు వెలుగులో 2.4 శాతం తగ్గుతుంది. దీన్నే ట్రాన్సిట్ అంటాం. ఒక ట్రాన్సిట్ రాత్రి ఎనిమిదికి మొదలైతే తర్వాతది రెండు రోజులు గడిచాక తెల్లవారుజామున ఒంటిగంట దాటాక వస్తుంది, ఆ తర్వాతది పగలు. మళ్లీ సాయంత్రం పూట దొరకాలంటే ఇరవై రోజులు ఆగాలి. ఆ రోజు మబ్బు పడితే అంతే సంగతులు.

రెండు శాతం తేడాను కంటితో పట్టలేం. కెమెరా పట్టగలదు గానీ దాన్ని కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. మొదట ఫోకస్‌ను కావాలనే కొంచెం చెడగొడతాం. ఈ పనికి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఇక్కడే తెల్లబోతారు. చుక్క సూదిమొనలా ఉంటే వెలుగంతా నాలుగైదు పిక్సెళ్ల మీద పడి పొంగిపోతుంది. చిన్న చక్రంలా పరిస్తే కొలత నిలకడగా వస్తుంది. గ్రహం అడ్డం రావడానికి గంట ముందే మొదలుపెట్టి, తప్పుకున్నాక మరో గంట కొనసాగించాలి. మామూలు వెలుగు ఎంతో తెలియకుండా తగ్గుదల లెక్క తేలదు.

అసలు పనితనం పోలిక నక్షత్రాన్ని ఎంచుకోవడంలో ఉంది. పల్చటి మబ్బు తెర వచ్చినా, గాలిలో తేమ పెరిగినా పక్క నక్షత్రం వెలుగు కూడా అంతే తగ్గుతుంది. మన చుక్క ఒక్కటే తగ్గితే అది గ్రహం పని. చెప్పడానికి ఇంత తేలిక. కానీ ఈ నక్షత్రం కాంతివంతమైనది, పైగా నారింజది. కెమెరా చట్రంలో దానికి సరిజోడు దొరకడమే కష్టం. రంగు కలవని పక్క చుక్కతో పోల్చామా, రాత్రి గడిచేకొద్దీ వెలుగు కొలతల గీత ఒక పక్కకు వాలిపోతుంది. చుక్కలు పడమటికి దిగుతుంటే వాటి వెలుగు మరింత మందమైన గాలిలోంచి రావాలి. గాలి నీలం వెలుగును ఎక్కువగా మింగేస్తుంది, ఎరుపును అంతగా ముట్టదు. అలా వాలిన గీతలో గ్రహం ఎప్పుడు ప్రవేశించిందో చెప్పడం జాతకం చెప్పినట్టే. మన తెలుగు నేల మీద ఈ నక్షత్రం దాదాపు నడినెత్తికి వస్తుంది కాబట్టి ఈ బాధ మనకు కొంత తక్కువ.

ఈ పనిలో పడ్డాక నాకు గ్రహం కంటే నక్షత్రం మీదే ఆసక్తి పెరిగింది. 2.4 శాతం నుంచి తేలేది నిష్పత్తి మాత్రమే: గ్రహం అడ్డుకొలత నక్షత్రం అడ్డుకొలతలో ఆరో వంతుకు కాస్త తక్కువ. అది ఎన్ని కిలోమీటర్లో తెలియాలంటే ముందు నక్షత్రం సైజు తెలియాలి. 2007లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీదున్న చారా టెలిస్కోపుల జోడింపుతో దాని వెడల్పును నేరుగా కొలిచారు. నక్షత్రం కొలత మారితే గ్రహం కొలత కూడా మారక తప్పదు.

పోనీ నక్షత్రం బుద్ధిగా ఉంటుందా అంటే, లేదు. దాని ఒంటినిండా మచ్చలే. పన్నెండు రోజులకు ఒకసారి అది తన చుట్టూ తాను తిరుగుతుంటే, ఆ మచ్చల వల్లే వెలుగు ఒకటి రెండు శాతం మారుతూ ఉంటుంది. గ్రహం ఏదైనా మచ్చ మీదుగా వెళితే తగ్గిన గీతలో చిన్న బొడిపె లేస్తుంది. హబుల్ కొలతల్లోనే అలాంటివి కనిపించాయి.

గాజు వాన కథ కూడా ఈ మచ్చల దగ్గరికే వస్తుంది. నీలం వెలుగులో కొలిస్తే గ్రహం కొంచెం పెద్దదిగా తోస్తుంది. దాని వాతావరణంలో సన్నటి రేణువులు వెలుగును చెదరగొడుతున్నాయని, అంత వేడిలో ఉండగలిగేవి సిలికేట్లని, సిలికేట్లంటే గాజు సరుకని ఊహ సాగింది. అయితే 2014లో మెకల్లో అనే శాస్త్రవేత్త బృందం, గ్రహం దాటని మచ్చలు కూడా కొలతలో ఇలాంటి తేడా తెచ్చిపెట్టగలవని చూపించింది. నీలం రంగు సంగతి వేరు, దానికి ఆధారం గట్టిది: గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు మొత్తం వెలుగులో నీలం వాటా తగ్గడాన్ని 2013లో హబుల్‌తో కొలిచారు. గాజు వాన మాత్రం, నా దృష్టిలో, పత్రికల శీర్షికల్లో కురిసినంతగా కొలతల్లో కురవలేదు.

ఐరోపా వాళ్లు ఏరియల్ అనే అంతరిక్ష టెలిస్కోప్‌ను ఇలాంటి గ్రహాల కోసమే తయారు చేస్తున్నారు. అది ఏ వేళకు ఏ నక్షత్రం వైపు తిరగాలో తెలియాలంటే ట్రాన్సిట్ వేళలు నిక్కచ్చిగా ఉండాలి. ఆ వేళలను ఎక్సోక్లాక్ అనే ప్రాజెక్టు సేకరిస్తోంది, మేడ మీది టెలిస్కోపుల కొలతలను కూడా తీసుకుంటుంది.

వానలు వెనకబట్టాక, అక్టోబరు సాయంత్రాల్లో ప్రయత్నించండి. శ్రవణా నక్షత్రానికి కాస్త ఉత్తరంగా చిన్న బాణంలా నాలుగు చుక్కలుంటాయి. బాణం మొన నుంచి ఉత్తరానికి మూడు డిగ్రీలు జరిగితే బైనాక్యులర్‌లో డంబెల్ నెబ్యులా మసకగా కనిపిస్తుంది. దానికి తూర్పున, నిండు చంద్రుడి వెడల్పులో సగం దూరంలో ఉన్నదే ఈ నక్షత్రం. టెలిస్కోప్‌కు కెమెరా తగిలించుకున్నవాళ్లు ఒక ట్రాన్సిట్ కొలిచి ఎక్సోక్లాక్‌కు పంపండి.