చప్పుడు లేని కంప్యూటరు: గుణదోషములు

2020లో వెలువడిన రాస్‌ప్‌బెర్రీ పై 400 కీబోర్డులోనే ఇమిడిన కంప్యూటరు. నాటి ధర 70 డాలర్లు, లినక్స్ ఉచితము, తెర వేరుగా కొనవలెను. సుమారు 15 వాట్ల విద్యుత్తు చాలును గనుక, దీనిలో పుట్టు వేడిని లోపలి లోహపు రేకే వెలికి పంపును. పంకా లేదు; తరగతిలో చప్పుడు లేదు.

అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో వేసవియందు గాలి ఉష్ణోగ్రతయే 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటుచుండును. గాలికిని యంత్రమునకును గల ఉష్ణోగ్రతా భేదము తగ్గినకొలది వేడి పోవుట మందగించును. వేడి మితిమీరినచో యంత్రము తన వేగమును తానే తగ్గించుకొనును. కరెంటు హఠాత్తుగా పోయినచో మెమొరీ కార్డులోని సమాచారము చెడవచ్చును. మీటలపై తెలుగు అక్షరములు లేవు. లినక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఉన్నను, విద్యార్థి దానిని కంఠస్థము చేయవలసినదే.

నిశ్శబ్దము మెచ్చదగినదే. కాని పాఠశాలకు ఇది నిజముగా చౌకయో కాదో తేల్చుటకు తెర, బ్యాటరీ వెలలను, తెలుగు నేర్చు శ్రమను గూడ లెక్కించవలెను.