పెరటి ఫిజిక్స్

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం నాకు అలక వచ్చింది. ఈ వయసులో తొమ్మిదో తరగతి పిల్ల మీద అలగడమేమిటని ఇంట్లో నవ్వారు. వచ్చింది, ఏం చేసేది?

ఈ శీర్షిక విడవకుండా చదివేవాళ్లకు నా గుడ్డసంచి సంగతి తెలుసు. రాజంపేటలో ఆదివారం పొద్దున హైస్కూలు పిల్లలు పదీ పదిహేనుమంది కూడేచోటికి దాన్ని మోసుకుపోతుంటాను. అందులో స్ప్రింగ్ త్రాసు, ప్లాస్టిక్ మగ్గు, సైకిల్ ట్యూబు ముక్క, రెండు భూతద్దాలు, ఒక మంగంపేట ముగ్గురాయి ఉంటాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదనే సామెత మీద పన్నెండేళ్లుగా పోరాడుతున్నవాణ్ణి. ఫిజిక్స్ మన పెరట్లోనే ఉంది, సైన్సు ఫేర్ల థర్మాకోల్ అగ్నిపర్వతాల్లో లేదని నా వాదన. ఆ అగ్నిపర్వతాల మీద రాసిన వారం ఇద్దరు ఫిజికల్ సైన్స్ సార్లు నాతో మాట మానేశారు. ఇది కూడా చదువుతారని తెలుసు. బాగున్నారా సార్?

ఆ రోజు వంతు ముగ్గురాయిది. త్రాసుకు వేలాడదీస్తే 800 గ్రాములు తూగింది. నీళ్లలో ముంచితే 600. అంటే, అది పక్కకు నెట్టిన నీళ్ల బరువు 200 గ్రాములు, రాయి నీటికంటే నాలుగు రెట్లు సాంద్రం. మామూలు గ్రానైటు 2.7 రెట్ల దగ్గరే ఆగుతుంది. ఈ బరువు వల్లే దీనికి గిరాకీ. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి చమురూ గ్యాసూ ఎగజిమ్మకుండా అదిమిపట్టడానికి బరువైన బురద దించుతారు, ఆ బురదకు బరువిచ్చేది ఈ రాతిపొడి. మంగంపేట ఉన్న ఓబులవారిపల్లె మండలం నుంచి రాయీ గల్ఫ్‌కు పోతుంది, ఈ పిల్లల నాయనలూ కువైట్‌కు పోతారు. పాఠానికి ఇంతకన్నా పట్టుకొమ్మ ఏం కావాలి అని లోలోపల మురిసిపోతున్నాను.

వెనక వరసలోంచి మంగంపేట వైపు పిల్ల లేచింది. "ఈ రాయి మాకు దినామూ ఉండేదే గద సా. ఆరేసిన గుడ్డల మీద మిల్లు దుమ్ము పడితే మాయమ్మ తిడతాంటాది. అది ఇడిసిపెట్టి బ్లాక్ హోల్ గురించి చెప్పండి సా."

యూట్యూబ్ చలవ అనుకున్నాను. సంచి సర్దుకుని పావుగంట ముందే ఇంటికి వచ్చేశాను.

ఆ రాత్రి నందలూరు గుర్తుకొచ్చింది. అక్కడి రైల్వే లోకో షెడ్డు పక్కనే పెరిగినవాణ్ణి నేను. మా చిన్నాయన ఫైర్‌మన్. బాయిలరు, పిస్టను, ఆవిరి, బొగ్గు, అన్నీ చేతికందే దూరంలో ఉండేవి. ఫిజిక్స్ అంతా మా పెరట్లో పొగలు కక్కుతూ నిలబడి ఉండేది. ఆవిరి ఇనుమునెలా నెడుతుందని ఎనిమిదో తరగతి దాకా నాకొక్క ప్రశ్న పుట్టలేదు. పుట్టిందల్లా మసి అంటిన చొక్కాకు వీపు విమానం మోత.

1979 జులైలో స్కైలాబ్ వచ్చింది. యాభై దాటినవాళ్ల ఇళ్లలో ఆ కథ తెలియని ఇల్లుండదు. అమెరికావాళ్లు 1973లో పైకి పంపిన 77 టన్నుల అంతరిక్ష కేంద్రం రాలిపోతోందని రేడియో చెప్పింది. ఎక్కడ పడేదీ ఎవరికీ తెలియదు. జీవాలను అగ్గువకు అమ్ముకున్నవాళ్లున్నారు, ఇంగ అప్పులు తీర్చే పనిలేదని ఊపిరి పీల్చుకున్నవాళ్లున్నారు. మా అవ్వ అయితే ప్రాణంగా సాకిన పుంజును కోయించింది. "సచ్చేకాడ పుంజు మీద ఆశేందిరా" అంది. సంగటీ కోడిపులుసూ కడుపునిండా తిని మిద్దె మీద పడుకుని ఆకాశం చూశాం. జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలుగా రాలింది. మేం మిగిలాం, పుంజు పోయింది. అవ్వ చాలాకాలం అమెరికాను తిట్టింది.

మరునాడు బడిలో మా సైన్సు అయివారు అన్నమాట ఇది: "అది నిన్న పడలేదురా. ఆరేళ్లుగా పడతానే ఉండాది."

బోర్డు మీద గుండ్రం గీశాడు. ఆ ఎత్తులో వదిలిన ఏ వస్తువైనా మొదటి సెకనులో నాలుగు మీటర్ల చిల్లర కిందికి పడుతుంది. అయితే అదే సెకనులో స్కైలాబ్ ఏడున్నర కిలోమీటర్లు పక్కకు పోతుంది. అంత దూరంలో భూమి కూడా సరిగ్గా నాలుగు మీటర్ల చిల్లరే వంగుతుంది. పడినంత పడుతూనే ఉంటుంది, నేల అందదు. చివరికి అందిందెందుకంటే, సూర్యుడి ఉధృతికి పైపొరల గాలి వేడెక్కి ఉబ్బి దాన్ని రాసుకుని వేగం తగ్గించింది.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. ఆ తర్వాతే, ఆ తర్వాతే సుమా, షెడ్డుకు పోయి చిన్నాయన ప్రాణం తీశాను: ఈ ఆవిరి ఎందుకు తోస్తుంది, తోసినాక ఏమవుతుంది?

అంటే, పెరట్లోకి నేను ఆకాశం మీదుగా వచ్చాను. పన్నెండేళ్లుగా పిల్లలకు మాత్రం తిరగేసి చెబుతున్నాను. కుప్పం దగ్గరి అగస్త్య ఫౌండేషన్ వ్యాన్లు ఊరూరా ప్రయోగాలు తిప్పడాన్ని నా వాదానికి సాక్ష్యంగా ఎన్నిసార్లు రాశానో! ఊళ్లో లేనిదాన్ని తెస్తుంది కాబట్టే పిల్లలు ఆ వ్యాను వెనక పరిగెడతారని తట్టలేదు.

పోయిన ఆదివారం కృష్ణబిలమే చెప్పాను. భూమిని వదిలిపోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. అదే భూమిని 9 మిల్లీమీటర్ల వ్యాసార్థమున్న గోలీగా నలిపితే వెలుతురు కూడా బయటపడలేదు. 1783లోనే జాన్ మిచెల్ న్యూటన్ లెక్కలతో ఇలాంటి ఊహ చేశాడు. ఆ అడ్డదారి జవాబు సరిగ్గానే వస్తుంది, అసలు కారణం వేరు. అది ఎం.ఎస్సీ. దాకా ఆగుతుంది.

అడగకుండానే ఆ పిల్ల సంచిలో చెయ్యిపెట్టి రాయి తీసింది. "దీన్ని నలిపితే సా?" పక్కనున్న పిల్లోడు, "ఒక్క రాయేంది, గనంతా నలుపుదాం" అన్నాడు. మంగంపేట నిల్వ 7.4 కోట్ల టన్నులని పాత లెక్క. పదుల ఘాతాలతో అరగంట కుస్తీ. సున్నాల దగ్గర రెండుసార్లు తప్పారు, ఒకసారి నేనూ తప్పాను. చివరికి నలిగిన గని వ్యాసార్థం తేలింది: మీటరును నూరు కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. ప్రోటాన్ వ్యాసార్థంలో దాదాపు ఎనిమిదో వంతు.

పిల్ల బోర్డునూ రాయినీ మార్చి మార్చి చూసింది. తర్వాత త్రాసు అడిగింది, మగ్గులో నీళ్లు తెమ్మని పిల్లోణ్ణి పంపింది. 800, 600. మళ్లీ తూచింది. మళ్లీ అంతే.

"మీ రాయి 'ఏ' గ్రేడు కాదు సా," అంది. "'ఏ' గ్రేడు ఇంకా బరువుంటాది. వచ్చేవారం నేను తెస్తా."