నిర్గంధ కింశుకం – మోదుగుపువ్వు: ఒక ఉపమానంపై పునర్విచారణ

పలాశం, కింశుకం, మోదుగ అనే పదాలను నిఘంటువులు పర్యాయాలుగా చెబుతాయి. వృక్షశాస్త్రంలో ఇవన్నీ బ్యూటియా మోనోస్పెర్మా అనే ఒకే చెట్టుకు పేర్లు. సాహిత్యంలో మాత్రం ఈ సమానత్వం నిలవదు. ఒక్కొక్క పేరు ఆ చెట్టును ఒక్కొక్క ప్రయోజనం కోసం చూసినవారి దృష్టిని మోస్తుంది. నీతిసాహిత్యం వాసనలేని పువ్వుగా నిందించిన కింశుకానికీ, తెలుగు పల్లె ఎరిగిన మోదుగకూ ఉన్న అంతరాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మోదుగ పూత తీరు విలక్షణమైనది. శిశిరంలో ఆకు రాలి, కొమ్మలు బోసిగా మిగిలిన దశలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో చెట్టంతా ఒక్కసారిగా పూస్తుంది. నల్లటి మఖమలు వంటి రక్షకపత్రాల నుంచి ఎర్రని నారింజరంగు పువ్వు వెలువడుతుంది. చిక్కుడు కుటుంబంలోని చాలా పూలలాగే దీనికీ ధ్వజం, బాహువులు, ద్రోణులు ఉంటాయి. ద్రోణులు కలిసి వంపు తిరిగి చిలుక ముక్కును తలపిస్తాయి. ‘ఇది చిలుకా ఏమి?’ అన్న సందేహం నుంచి కింశుక శబ్దం పుట్టిందన్న వ్యుత్పత్తికి ఆధారం ఈ వంపే. అమరకోశం ఈ చెట్టుకు ఇచ్చిన పేర్లలో పలాశ, పర్ణ శబ్దాలు ఆకుకు కూడా పేర్లే. అంటే ఆకు పేరుతో పిలువబడిన చెట్టు, ఆకులేని వేళలోనే కవుల కంట పడింది. నామానికీ వర్ణనకూ మధ్య ఎడం ఇక్కడే మొదలైంది.

సంస్కృత కావ్యాలు ఈ పువ్వును ప్రధానంగా రంగుగా, ఆకారంగా గ్రహించాయి. కాళిదాసు పేర ప్రసిద్ధమైన ఋతుసంహారంలో పూసిన కింశుకవనాలు అగ్నిని తలపిస్తాయి. వాటితో నిండిన భూమి ఎర్రచీర కట్టిన నవవధువుగా కనిపిస్తుంది. ఇతిహాసాల యుద్ధఘట్టాల్లో నెత్తురోడే వీరులను పూసిన మోదుగలతో పోల్చడం పరిపాటి. పెళ్లికూతురు, క్షతగాత్రుడు అనే రెండు కొసలనూ ఒకే పువ్వు మోయగలగడం దాని వర్ణశక్తికి నిదర్శనం. ఋతువర్ణన తెలుగు ప్రబంధానికి అంగం కావడంతో ఈ సామగ్రి తెలుగుకూ వారసత్వంగా అందింది.

కుమారసంభవం తృతీయ సర్గ ఈ చర్చకు కీలకమైనది. శివుని తపోవనంలో అకాల వసంతం ప్రవేశించినప్పుడు కాళిదాసు కర్ణికారాన్ని, పలాశాన్ని వెంటవెంటనే వర్ణించాడు. కర్ణికారానికి రంగు ఉండి వాసన లేకపోవడం మనసుకు బాధ కలిగిస్తుందనీ, సృష్టికర్త అన్ని గుణాలనూ ఒకచోట కూర్చడనీ అన్నాడు. పలాశం దగ్గరకు వచ్చేసరికి ఆ ప్రస్తావనే లేదు. బాలచంద్రునిలా వంగిన ఎర్రని మొగ్గలు వనభూములపై వసంతుడు చేసిన నఖక్షతాలుగా భాసించాయి. నిర్గంధత్వాన్ని గుర్తించిన కవే, పక్క శ్లోకంలోని మరో నిర్గంధ పుష్పాన్ని ఆ లోపంతో కొలవలేదు.

నీతిశ్లోకం ఆ కొలతను స్థిరపరిచింది. రూపం, యౌవనం, గొప్ప వంశం ఉన్నా విద్య లేనివారు వాసనలేని కింశుకాల వలె శోభించరని దాని సారాంశం. ఇది విద్యను గురించిన మాటే తప్ప వృక్షాన్ని గురించినది కాదని సమాధానం చెప్పవచ్చు. కానీ ఉపమానం నిలవాలంటే, పువ్వుకు వాసనే సార్థకత అని శ్రోత ముందుగా అంగీకరించాలి. ఆ అంగీకారం పువ్వును సిగలో తురుముకునేవారిది, దండ కట్టేవారిది. అనుభోక్త అవసరమే వస్తువు గుణమై కూర్చుంది. ప్రకృతి ఏర్పాటు వేరు. మోదుగను వెతుక్కుని వచ్చేవాటిలో తేనెపిట్టలు, గోరింకల వంటి పక్షులు ముఖ్యమైనవి. పక్షులు పూలను ప్రధానంగా రంగును బట్టి గుర్తిస్తాయి. ఆకుల మరుగు లేని కొమ్మ, దూరానికి కనిపించే ఎరుపు, లోపల మకరందం ఉన్న చెట్టుకు పరిమళం లేకపోవడం కొరత కాదు.

‘మోదుగ’ అన్న మాటతో కొలత మారుతుంది. తెలుగు పల్లెకు ఇది మొదట పనికి వచ్చే చెట్టు. పూత ముగిశాక వచ్చే ఆకులతో విస్తళ్లు కుడతారు. కొమ్మలపై లక్కపురుగు బతుకుతుంది. ఎండుపుల్ల హోమంలో సమిధ అవుతుంది. కాముని పున్నమికి పూలను మరిగించి వసంతం కలుపుతారు. కుమారసంభవంలో పలాశం వికసించిన సర్గ మన్మథ దహనంతో ముగుస్తుంది. తెలంగాణ పల్లెలో కామదహనం జరిగే పండుగకు ఆ పువ్వే రంగునీరుగా మారుతుంది. కావ్యంలో చూడవలసిన అలంకారం, పల్లెలో ఒకరిపై ఒకరు చల్లుకునే వస్తువైంది. ఇక్కడ పువ్వుకు వాసన ఉందా అన్న ప్రశ్న తలెత్తదు.

దాశరథి రంగాచార్య నిజాం పాలనలోని తెలంగాణ ప్రజాజీవితాన్ని, పోరాటాన్ని చిత్రించిన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టడాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. ఎరుపు, నిప్పు, నెత్తురు అనే పాత సంకేతాలు ఆ పేరులో ఉన్నాయి. అయితే శీర్షికగా నిలిచింది కింశుకం కాదు, పలాశం కాదు. అడవి అంచున బతికేవారి నోటిమాట. నీతిశ్లోకం విద్యాహీనులకు ఉపమానం చేసిన పువ్వు, అక్షరానికి దూరంగా ఉంచబడిన ప్రజల చైతన్యానికి గుర్తుగా నిలిచింది. ఉపమానం తలకిందులైంది.

పర్యాయపదాలు వస్తువును ఒకటిగా చూపినా, విలువను ఒకటిగా చూపవు. తెలుగు కవిత్వంలో మోదుగ కనిపించిన ప్రతిచోటా ‘కింశుకం’ అని అర్థం రాసి సాగిపోయే వ్యాఖ్యానపద్ధతి, ఆ పదం వెనుక ఉన్న శ్రమను, పండుగను, ధిక్కారాన్ని పాఠకునికి అందనీయదు. పువ్వుకు ఏ గుణం లేదన్న విచారణకు ముందు, ఆ గుణాన్ని కోరుతున్నది ఎవరన్న విచారణ జరగాలి.