పాత పాటల నడుమ కొత్త పాట

గ్రీన్ డే బృందం 2024 జనవరి 19న ‘సేవియర్స్’ అనే ఆల్బమ్ విడుదల చేసింది. ఆ తర్వాత అదే పేరుతో పర్యటన పెట్టుకుంది. మే నెలాఖరున స్పెయిన్‌లో మొదలై యూరప్ తిరిగి, జూలై చివర్లో వాషింగ్టన్ నుంచి సెప్టెంబరు చివర్లో శాన్ డియేగో దాకా అమెరికా స్టేడియంలు చుట్టింది. పేరు కొత్త ఆల్బమ్‌దే. పాడినవి మాత్రం ఎక్కువగా పాతవి. 1994 నాటి ‘డూకీ’ని మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా వరసగా, 2004 నాటి ‘అమెరికన్ ఇడియట్’ని కూడా అలాగే పాడారు. ఒకదానికి 30 ఏళ్ళు నిండాయి, రెండోదానికి 20. ‘సేవియర్స్’లో 15 పాటలుంటే స్టేజీ ఎక్కినవి ఐదారు. శుభలేఖ మీద మనవడి పెళ్ళని వేసి, పందిట్లో తాతగారి షష్టిపూర్తి చేసినట్టుంది.

అలా చేయడం తప్పేమీ కాదు, షష్టిపూర్తి భోజనం కూడా బాగానే ఉంటుంది. కానీ కొత్త ఆల్బమ్ కోసం పర్యటన అన్నప్పుడు ఆ కొత్త పాటలకి ఎంత చోటిచ్చారు, ఆ చోట్లో అవి నిలబడ్డాయా అని అడగాలి కదా. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

పాప్ పంక్ అంటే కొత్తవాళ్ళకి ఒక మాట. పంక్‌లోని వేగం, నాలుగు తీగల మోత, ఒళ్ళుమంట అలాగే ఉంచి, దాని మీద ఒక్కసారి వింటే నోటికొచ్చేసే బాణీ పెడితే పాప్ పంక్. కోపాన్ని కూనిరాగంగా మార్చే విద్య. ఆ విద్యలో గ్రీన్ డేని మించినవాళ్ళు అరుదు. గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, బేస్ గిటార్ మైక్ డర్న్ట్ చిన్ననాటి స్నేహితులు. 1990లో డ్రమ్మర్‌గా ట్రే కూల్ వచ్చి చేరాడు. అప్పట్నుంచీ బృందానికి మూలం ఆ ముగ్గురే.

నేను చూసింది సెప్టెంబరు 20న, శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒరాకిల్ పార్కులో. వాళ్ళకిది ఇంటి ముంగిట కచేరీ. బే అవతలి ఒడ్డున రోడియో అనే చిన్న ఊరు, పక్కనే రిఫైనరీ. బిల్లీ జో వాళ్ళమ్మ హోటల్లో వడ్డించేది, నాన్న లారీ నడిపేవాడు. శాన్ రమోన్‌లోనూ డబ్లిన్‌లోనూ ఫ్రీమాంట్‌లోనూ ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువాళ్ళం కూడా ఈస్ట్ బే వాళ్ళమే. కానీ రోడియోతో మనకి పనిపడదు. నాపా వెళ్తున్నప్పుడు హైవే పక్కన ఆ పొగగొట్టాలు కనిపిస్తాయి, అంతే. ‘డూకీ’ అట్ట మీద బాంబులు పడుతున్న వీధి మాత్రం మనలో చాలామంది నడిచిందే: బర్క్లీలోని టెలిగ్రాఫ్ అవెన్యూ.

ఆల్బమ్ మొత్తాన్ని వరసగా పాడటంలో ఒక చిక్కుంది. తర్వాత ఏ పాటో ముందే తెలిసిపోతుంది. కచేరీ కాస్తా పారాయణం అవుతుంది. మన పద్యనాటకాలకి వెళ్ళేవాళ్ళకి ఇది కొత్త కాదు. వారణాసిలో హరిశ్చంద్రుడు ఏ పద్యం తర్వాత ఏ పద్యం ఎత్తుకుంటాడో ముందు వరసలో కూర్చున్న పెద్దాయనకి నటుడి కన్నా బాగా తెలుసు. రాగం తీయడంలో కొత్తదనం ఉండొచ్చు గానీ, పద్యం మారకూడదు. ‘వన్స్ మోర్’ అని అరిచేది కథ కోసం కాదు. తాను ఇదివరకు విన్న ఆ క్షణం కోసం.

అయితే ఇదే పద్ధతి వల్ల ఒక మేలూ జరిగింది. హిట్ పాటలు ఏరుకుని పాడే కచేరీలో పక్కకి పోయే పాటల్ని కూడా పాడక తప్పలేదు. ‘డూకీ’లో రెండో పాట ‘హ్యావింగ్ ఎ బ్లాస్ట్’ అలాంటిదే. ఒళ్ళంతా పేలుడు పదార్థాలు కట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళని కూడా తనతో తీసుకుపోతానని బెదిరించే ఒక కుర్రాడి గొంతు అది. 1994లో దాన్ని యవ్వనపు అతిశయోక్తి కింద తీసుకోగలిగారు. 1999లో కొలంబైన్ బడిలో కాల్పులు జరిగాక, ఆ తర్వాత ఎన్నో బళ్ళలో జరిగాక, ఆ పాటని ఈ దేశంలో ఎవరూ తేలిగ్గా పాడలేరు. 52 ఏళ్ళ మనిషి దాన్ని స్టేడియంలో పాడుతుంటే, జనం చేతులు ఊపుతూ గొంతు కలుపుతుంటే, నాకు ఒంట్లో ఇబ్బందిగా అనిపించింది. ఆ ఇబ్బంది విలువైనదే. ఏరి కూర్చిన వరసలో అది దొరకదు.

‘బాస్కెట్ కేస్’ సంగతి దీనికి తలకిందులు. గుండెదడతో, తనకి పిచ్చెక్కుతోందేమోనన్న భయంతో ఒంటరిగా కొట్టుకుపోతున్నవాడి పాట. నలభై వేల మంది ఒక్క గొంతుతో పాడితే అందులో ఒంటరితనం ఎక్కడుంటుంది? పాటకి జరిగిన అన్యాయం కాదిది. 30 ఏళ్ళలో అది పాడినవాడి నుంచి విన్నవాళ్ళకి బదిలీ అయిపోయింది. బిల్లీ జో కూడా చాలా చోట్ల మైకుని జనం వైపు తిప్పి వాళ్ళకే వదిలేశాడు.

‘అమెరికన్ ఇడియట్’కి వరసగా పాడటం బాగా కుదిరింది. అది ఒక కథ. ఊరి చివర పెరిగి, విసిగి, నగరానికి పారిపోయి, భ్రమలు పోగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చే కుర్రాడి కథ. 2010లో దాన్ని బ్రాడ్‌వే మీద నాటకంగా కూడా ఆడారు. తొమ్మిదేసి నిమిషాలు సాగే ‘జీసస్ ఆఫ్ సబర్బియా’, ‘హోమ్‌కమింగ్’ ఆ కథకి రెండు స్తంభాలు. ఆ రెండింటి మధ్యా ఉంటేనే మిగతా పాటలకి అర్థం. ‘వేక్ మీ అప్ వెన్ సెప్టెంబర్ ఎండ్స్’ బిల్లీ జో తన పదేళ్ళ వయసులో, 1982 సెప్టెంబరులో, క్యాన్సర్‌తో పోయిన తండ్రి గురించి రాసుకున్నది. మేం విన్నదీ సెప్టెంబరులోనే. స్టేజీ మీద హడావుడి తగ్గించి పాడాడు. ఆ నాలుగైదు నిమిషాలూ అది స్టేడియంలా అనిపించలేదు.

ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు నేను ఇక్కడ కొత్తగా చేరిన విద్యార్థిని. ఇరాక్ యుద్ధం జరుగుతోంది, బుష్ రెండోసారి గెలవబోతున్నాడు. వీసా మీద ఉన్నవాళ్ళం, పైకి ఏమీ అనేవాళ్ళం కాదు. మా తరఫున ఎవరో తిడుతున్నట్టు ఉండేది. 2024లో అదే పాట, మళ్ళీ ఎన్నికల ఏడు. 2023 డిసెంబరు 31 రాత్రి టీవీ కార్యక్రమంలో బిల్లీ జో అందులో ఒక పదం మార్చి ట్రంప్ వర్గాన్ని తగిలేలా పాడితే పెద్ద గొడవైంది. పర్యటనలోనూ ఆ మార్పు కొనసాగింది. ఒక పదం మారిస్తే సరిపోయింది, మిగతా పాటంతా అలాగే పనికొచ్చింది. ఇది పాట గొప్పతనమో దేశం దురదృష్టమో తేల్చుకోవడం కష్టం.

ఇప్పుడు కొత్త పాటల సంగతి. మొదలుపెట్టింది కొత్త పాటతోనే, ‘ది అమెరికన్ డ్రీమ్ ఈజ్ కిల్లింగ్ మీ’తో. ఆ వెంటనే ‘డూకీ’. అది పూర్తయ్యాక, ‘అమెరికన్ ఇడియట్’ మొదలయ్యేలోపు ఒక విరామం లాంటి భాగం. ‘లుక్ మా, నో బ్రెయిన్స్!’, ‘వన్ ఐడ్ బాస్టర్డ్’, ‘డిలెమా’ అక్కడ వచ్చాయి. ఆ భాగంలోనే ‘నో యువర్ ఎనిమీ’కి అభిమానిని స్టేజీ ఎక్కించి పాడించడం కూడా. జనానికి అది నిజంగా విరామమే అయింది. మా వరసలో సగం మంది బీరు కోసం లేచారు. పక్కనున్న మా అమ్మాయి, పదిహేనేళ్ళది, నా చెవిలో అడిగింది: “నాన్నా, టూర్ దీని కోసం కాదా? అందరూ ఇప్పుడే వెళ్ళిపోతున్నారేంటి?”

ఆ లేచిపోయినవాళ్ళు వినకుండా పోయింది ఆ రాత్రికల్లా నిజాయితీగల పాట అని నా అభిప్రాయం. 2012 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో తమకిచ్చిన టైము కుదించారని బిల్లీ జో కోపంతో ఊగిపోయి, గిటార్ పగలగొట్టి స్టేజీ దిగాడు. వెంటనే వ్యసన చికిత్సకి వెళ్ళాడు. ‘డిలెమా’ ఆ వ్యసనం గురించే. కోలుకున్నవాడి గర్వం అందులో లేదు. మళ్ళీ జారిపోతానేమోనన్న జంకు ఉంది. ఇరవై రెండేళ్ళ బిల్లీ జో ఈ పాట రాయలేడు. ‘డూకీ’లో తాగుడూ మత్తూ కాలక్షేపం. ఇక్కడ అవే లెక్క తేల్చమని ఎదురుగా వచ్చి కూర్చున్నాయి. ‘డూకీ’ ముగిసిన కాసేపటికే దీన్ని పాడటం ఈ కార్యక్రమంలో అన్నిటికన్నా మంచి ఆలోచన. కావాలని చేశారో లేదో గానీ, వింటే ఒకే మనిషి తనకి తానే జవాబు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది.

ఇలాంటి జత ఇంకొకటుంది. ‘డూకీ’లోని ‘కమింగ్ క్లీన్’ పదిహేడేళ్ళప్పుడు తన లైంగికత గురించి తనకి తానే ఒప్పుకోవడానికి తంటాలుపడే కుర్రాడి పాట, నిమిషంన్నరలో అయిపోతుంది. తాను ద్విలింగ ఆకర్షణ ఉన్నవాణ్ణని బిల్లీ జో 1995లోనే బహిరంగంగా చెప్పాడు. కొత్త ఆల్బమ్‌లోని ‘బాబీ సాక్స్’ మామూలు ప్రేమపాటలా మొదలై, ప్రేయసివి అవుతావా అని అడిగినంత సులువుగా ప్రియుడివి అవుతావా అని కూడా అడుగుతుంది. నసగడం లేదు, వివరణ లేదు. ఆ మార్పుకి 30 ఏళ్ళు పట్టింది. దీన్ని చివర్లో, ‘అమెరికన్ ఇడియట్’ అంతా అయ్యాక పాడారు. అప్పటికి జనం ‘గుడ్ రిడెన్స్’ కోసం ఫోన్లు పైకెత్తి ఎదురుచూస్తున్నారు.

నా ఫిర్యాదు ఇక్కడే. కొత్త పాటలు బలహీనమైనవని కాదు. అన్నీ గొప్పవనీ అనను, ఆల్బమ్‌లో పాత బాణీలకి చొక్కా మార్చినట్టున్నవీ ఉన్నాయి. కానీ ‘ఫాదర్ టు ఎ సన్’ లాంటి పాట ఉంది. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు తండ్రై, పెరిగిన కొడుకుతో మాట్లాడే పాట. దాన్ని సెప్టెంబరు పాట పక్కన పెట్టి ఉంటే ఎలా ఉండేది? పెట్టలేరు. ఆల్బమ్ వరస తప్పకూడదన్న నియమం వాళ్ళే పెట్టుకున్నారు. పాతదాన్ని పూర్తిగా గౌరవించడం వల్ల, దానికి కొత్తది చెప్పగల జవాబులు చెల్లాచెదురైపోయాయి.

ఆ రాత్రి ముందుగా పాడిన బృందాల్లో కూడా ఈ లెక్క కనిపించింది. బర్క్లీలో గిల్మన్ వీధి 924 నంబరు క్లబ్బులో జాతివివక్షకీ, ఆడవాళ్ళని కించపరచడానికీ, మద్యానికీ, కొట్లాటకీ చోటులేదు. పెద్ద రికార్డు కంపెనీలతో చేరిన బృందాలకీ లేదు. గ్రీన్ డే పెరిగింది అక్కడే. ‘డూకీ’ కోసం రిప్రైజ్ కంపెనీతో చేరాక ఆ తలుపు మూసుకుంది. 2015లో అగ్నిప్రమాదంలో నష్టపోయిన ఒక ప్రచురణ సంస్థ సాయం కోసం మళ్ళీ అక్కడ పాడారు. అదే క్లబ్బు నుంచి వచ్చిన రాన్సిడ్ బృందం, 1990లలో పెద్ద కంపెనీలు వెంటపడ్డా చిన్న సంస్థనే అంటిపెట్టుకుంది. ఒరాకిల్ పార్కులో రాన్సిడ్ ఎండ పూర్తిగా దిగకముందే పాడి వెళ్ళిపోయింది. అంతకన్నా ముందు లిండా లిండాస్, లాస్ ఏంజెలెస్ అమ్మాయిలు నలుగురు. ‘డూకీ’ వచ్చేనాటికి వాళ్ళలో ఎవరూ పుట్టలేదు. 2021లో గ్రంథాలయంలో పాడిన పాటతో లోకానికి తెలిశారు. ఖాళీ కుర్చీల ఎదుట పాడినా, రేపు ఏం రాస్తారో తెలియని బృందం ఆ స్టేజీ మీద అదొక్కటే. మా అమ్మాయి వచ్చింది వాళ్ళ కోసం.

2025 మార్చిలో ఇదే పర్యటన ముంబయి చేరింది. మహాలక్ష్మి రేస్‌కోర్సులో లోలపలూజా ఇండియా. గ్రీన్ డే మన దేశంలో పాడటం అదే మొదటిసారి. అక్కడ ఆల్బమ్‌లు వరసగా పాడలేదు, అన్ని కాలాల పాటలూ కలిపారు. ఇరవై ఏళ్ళు యూట్యూబ్‌లో విన్నవాళ్ళకి పాత పాటే కొత్త పాట, వాళ్ళని ఎవరూ తప్పుపట్టలేరు. మూడు దశాబ్దాలుగా టికెట్లు కొంటున్న మన దగ్గర మాత్రం ఆ సాకు చెల్లదు. ‘డిలెమా’ వస్తున్నప్పుడు లేచి వెళ్ళినవాళ్ళకి, తాము ప్రేమించిన కుర్రాడు పెద్దవాడయ్యాడన్న కబురు అందలేదు. ఆ కబురు చెప్పడానికే అతను వచ్చాడు. చెప్పాడు కూడా, ఐదారు పాటల్లో, విరామంలో. ‘సేవియర్స్’ ఇంట్లో పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వినండి. ఆ మర్యాద ఈసారి దానికి దక్కాల్సింది.